అంకాలమ్మ ఒళ్లో దవడ

దవడ ఎముకను ఒళ్లో పెట్టుకుని, పైన కొంగు కప్పి, అంకాలమ్మ తవ్విన మట్టి మీద కూర్చోనుంది. ఇమ్మంటే ఇవ్వదు, లెమ్మంటే లేవదు. కొత్త రొయ్యల గుంట తవ్వుతున్న ప్రొక్లెయినర్ పొద్దున్నుంచీ ఆమె ముందు ఆగిపోయి ఉంది.

"ఇది నా మొగుడిది సామీ. నేనియ్యను," అనింది.

ఎదురుగా ఉన్న సుశీల్ కుమార్ నెల్లూరులో కాలేజీ లెక్చరర్. పాతకాలపు ఎముకలు చూసి ఏ జంతువువో చెప్పడం ఆయన విద్య. గుంట యజమాని సుధాకర్ తనే కారు పంపి పిలిపించినాడు. రెండు రోజులుగా మట్టిలోంచి ఎముకలు వస్తున్నాయనీ, అవి మనుషులవని పల్లె జనం పని ఆపేసినారనీ, సారొచ్చి ఒక్క మాట చెప్తే అందరూ నోరు మూసుకుంటారనీ బతిమాలినాడు.

పల్లెకు అనుమానం ఊరికే రాలేదు. సుధాకర్ పాత గుంటకు కావలి ఉండిన అంకాలమ్మ మొగుడు చెంచయ్య మూడేళ్ల నాడు ఉన్నట్టుండి కనిపించకుండా పోయినాడు. గూడూరులో ఎవత్తెనో తగులుకుని పోయినాడని సుధాకరే ఊరంతా చెప్పినాడు. సుధాకరూ ఆ పల్లెలో పుట్టి పెరిగినవాడే, కాదనేదెవరు? అంకాలమ్మ మాత్రం ఆ మాట నమ్మలేదు, నమ్మకుండా ఉండనూ లేకపోయింది. బొట్టు ఉంచుకోవాలో తీసెయ్యాలో తెలియక మూడేళ్లు నలిగిపోయింది పిచ్చిది. ఉంటే ఉన్నాడని, పోతే పోయినాడని తేలితే చాలు ఆమెకు.

సుశీల్ కుమార్ ఆమె పక్కనే మట్టిలో చతికిలబడినాడు. "తీసకపోనమ్మా. నీ కళ్లముందే చూస్తా. ఏది నిజమైతే అదే చెప్తా."

ఆమె కొంగు తీసింది.

ఆయన బ్రష్షుతో మట్టి దులిపినాడు. ఆ తర్వాత చేసిన పనికి జనం ముక్కున వేలేసుకున్నారు. ఎముక కొసను నాలుక్కి ఆనించినాడు మరి! ఎముక నాలుకను పట్టుకుంది. రాయిగా మారిన ఎముక ఇట్టా అతుక్కుంటుందన్నాడాయన. లైటరు వెలిగించి అదే కొసకు మంట పెట్టి, ఆమె ముక్కు దగ్గరికి తెచ్చినాడు. కొత్త ఎముకైతే వెంట్రుకలు కాలిన కంపు రావాలట. కాలిన మన్ను వాసన తప్ప ఇంకేమీ రాలేదు.

"పళ్లు చూడమ్మా. మనకు నమిలే పళ్ల మీద బుడిపెలుంటాయి. దీనికి నెలవంకల్లాంటి గీతలున్నాయి. గడ్డి మేసేవాటికే ఇట్టా ఉంటాయి. ఇది అడవి ఎద్దు దవడ."

గోతాం మీద పరిచిన తక్కినవన్నీ ఒక్కొక్కటే తిప్పి చూసినాడు. ఒకటి దుప్పి దవడ. ఇటుకంత ఉన్న ఇంకొకటి ఏనుగు పన్ను. ఇవన్నీ మంచుయుగం నాటివనీ, అప్పట్లో సముద్రం ఎంతో దూరాన ఉండేదనీ, ఇక్కడంతా గడ్డి మైదానమనీ చెప్పినాడు. వీటిలో మనిషి ఎముక ఒక్కటీ లేదని రెండుసార్లు గట్టిగా అన్నాడు.

జనం ఊపిరి పీల్చుకున్నారు. అంకాలమ్మ మాత్రం దవడను ఆయన చేతిలో వదిలేసి భోరున ఏడ్చింది. మొగుడు బతికున్నాడన్న సంతోషమో, అయితే నిజంగానే వదిలేసి పోయినాడన్న కడుపుమంటో ఆమెకే తెలియలేదు. ఇన్నాళ్లూ తను చెప్తే విన్నావా అని సుధాకర్ మెల్లగా దెప్పినాడు. మిషన్ ఎక్కమని డ్రైవర్ హెబ్రోనుకు చెయ్యి ఊపి, సారును సాగనంపడానికి పాత గుంట గట్టు మీదుగా బయల్దేరినాడు. పని ఆపినందుకు సిగ్గుపడి, ఎముకల గోతాం నెత్తిన పెట్టుకుని అంకాలమ్మ వాళ్ల వెనకే నడిచింది.

గట్టు నిండా పగిలిన గుల్లలు. కాలు పెడితే కోసుకుపోతుంది. సుధాకర్ రొయ్యలకొచ్చే తెగుళ్ల గురించి గలగలా మాట్లాడుతున్నాడు. గట్టు మూల తిరగ్గానే, మాట ఆపకుండానే, చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాడు. పది అడుగులు ఆ గుల్లల మీద వట్టికాళ్లతో నడిచి మళ్లీ తొడుక్కున్నాడు.

"ఇక్కడ గుడేమన్నా ఉందా?" అనడిగినాడు సుశీల్ కుమార్.

"గుడా? ఇక్కడేం లేదే సార్," అన్నాడు సుధాకర్. అని తన కాళ్లకేసి చూసుకున్నాడు. ముఖం పాలిపోయింది.

అంకాలమ్మ గోతాం దించింది. గుడి లేదు, నిజమే. గుడి కాకుండా ఆ పల్లెవాళ్లు చెప్పులు విప్పి నడిచేది ఇంకొక్క చోటే, మనిషిని పూడ్చిన చోట.

"హెబ్రోనన్నా," అని కేకేసిందామె, "మిషన్ ఇట్టా తీసకరా. ఇక్కడ తవ్వు."