మంచుగొడ్డలి నీడ

మొదటి రాయి గైడు చెవి పక్కనుంచి రివ్వున దూసుకుపోయింది. రెండోది పళ్ళ డాక్టరు భుజానికి తగిలింది.

"గోడకి అతుక్కోండి!" అని గైడు తాడు బిగించాడు. ఒకే తాడుకి ముగ్గురు. కింద డాక్టరు, మధ్యలో ఆయన భార్య, పైన గైడు. పడుతూ లేస్తూ ఓ బండ చూరు కిందికి చేరారు. ఎదురుగా నిటారు సందులోంచి రాళ్ళు ఎవరో గుప్పిళ్ళతో విసురుతున్నట్టు పడుతున్నాయి. ఆ సందు దాటితేనే కిందికి దారి.

గైడు చేతిగడియారం చూసుకున్నాడు. పదకొండూ నలభై.

ముప్ఫై ఏళ్ళుగా ఈ కొండమీద ఆయనది ఒకటే పట్టు. పదకొండయ్యేసరికి శిఖరం అందకపోతే, పదడుగుల దూరంలో ఉన్నా సరే, వెనక్కి. మధ్యాహ్నం దాటితే ఎండకి మంచు వదులై రాళ్ళు ఊడతాయి. ఆ పట్టువల్లే ఇవాళ్టిదాకా తన వెంట వచ్చిన ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. ఈ దంపతుల్ని ఆరేళ్ళు వరసగా అలాగే వెనక్కి తిప్పాడు. ఇవాళ పదకొండుకి పది నిమిషాలుండగానే శిఖరం ఎక్కించాడు. డాక్టరు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆవిడ మంచులో చతికిలబడి, "అయితే ఇక అయిపోయినట్టేగా?" అని రెండుసార్లు అడిగింది.

మరి పన్నెండైనా కాకుండా రాళ్ళెందుకు ఊడుతున్నాయి?

పొద్దుటినుంచీ కమ్ముకున్న పొగమంచు అప్పుడే విడిపోయింది. గైడు మంచులో గుచ్చిన గొడ్డలి మీద ఎండ పడింది. దాని నీడ అప్పటికే తూర్పుకి ఒరిగి ఉంది. అంటే మిట్టమధ్యాహ్నం దాటిపోయింది.

ఆయన నీడనీ గడియారాన్నీ మార్చి మార్చి చూశాడు. ఇవాళ తొందరగా తెల్లారినట్టే అనిపించింది. ఎప్పటిలాగే చుక్కల్ని చూసి బయల్దేరాడు గనక, ఇవాళ నడకే చురుగ్గా సాగుతోంది కాబోలనుకుని, ఆ హుషారుతోనే పైదాకా ఎక్కించాడు.

"నా గడియారాన్ని ఎవరో వెనక్కి తిప్పారు," అన్నాడు.

ఇంకెంతసేపు, ఇంకెంతసేపు అని ప్రాణం తోడేస్తారని, ఎక్కేవాళ్ళ గడియారాలూ ఫోన్లూ ముందురోజు సాయంత్రమే రాత్రి బస చేసే గుడిసెలో పెట్టి తాళం వేయడం ఆయన అలవాటు. అందరికీ ఆయన గడియారమే దిక్కు. నిన్న ఆయన మంచు కరిగించి నీళ్ళు కాస్తున్నంతసేపూ అది మేకుకి వేలాడుతూనే ఉంది. గుడిసెలో ఉన్నది ఈ ముగ్గురే.

గైడు డాక్టరు వంక చూశాడు. కోప్పడే ఓపిక కూడా లేదు. చలి పెరిగి మంచు మళ్ళీ బిగిసేదాకా, నాలుగైదు గంటలు ఇక్కడే కూచోవాలన్నాడు. శిఖరం పిచ్చి ఉంటే ఉంది గానీ, కట్టుకున్నదాన్ని కూడా రాళ్ళకి అప్పగిస్తారా అని నీరసంగా అడిగాడు.

డాక్టరు భుజం పట్టుకునే గింజుకున్నాడు. ఆరుసార్లు బుద్ధిగా వెనక్కి తిరిగినవాణ్ణి, ఏడోసారి తిరగలేనా అన్నాడు.

"మా ఆవిడ మీద ఒట్టు, నేను దాన్ని ముట్టుకోలేదు. అయినా ఇలాంటి దొంగ ఎక్కుడు నాకెందుకు? ఇది లెక్కలోకి రాదు. వచ్చే ఏడు మళ్ళీ వస్తాం. సరైన టైముకి ఎక్కుతాం."

అంతవరకు మోకాళ్ళలో తల పెట్టుకుని కూచున్న ఆవిడ మెల్లగా తలెత్తింది.

"నా మీద ఒట్లు వేయకండి," అంది. "ఆరేళ్ళ సెలవులు ఈ కొండకే పోశాను. మీరొక్కసారి ఎక్కేస్తే వచ్చే ఏడైనా ఇంట్లో కాళ్ళు చాపుకుని పడుకోవచ్చని... పదకొండన్నది ఈ గైడుగారి చాదస్తం అనుకుని... గడియారం తిప్పింది నేనేనండీ."