గడ్డం పట్టుకుని

"ఒరేయ్, నువ్వు గడ్డం గీస్తున్నావా, నా మీద కక్ష తీర్చుకుంటున్నావా?"

తండ్రి అలా అనేసరికి కొడుకు చేయి ఆగిపోయింది. అప్పటికే ఆయన బుగ్గ మీద రెండుచోట్ల రక్తపు చుక్కలు పొటమరించాయి.

ఆ తండ్రి ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా చేసిన మనిషి. అన్నేళ్లలో ఒక్క రోజు కూడా మాసిన గడ్డంతో డ్యూటీ ఎక్కి ఎరగడు. అలాంటివాడు పక్షవాతం వచ్చి, కుడిచేయి పడిపోయి, మూడు వారాలుగా ఆసుపత్రి మంచానికి అంటుకుపోయాడు.

కాలు ఈడుస్తున్నా నిలబడగలడు. రోజూ వరండాలో నడవకపోతే ఆ కాలు కూడా బిగుసుకుపోతుందని డాక్టరు చెప్పి చెప్పి అలిసిపోయాడు.

"ఈ మొహం పెట్టుకుని నలుగురిలోకి రాను" అని ఈయన గోడవైపు తిరిగి పడుకునేవాడు.

సెలూను మనిషిని పిలిపిస్తే వెనక్కి పంపేశాడు. తన మొహం మీద తన రేజరే ఆడాలట.

అందుకే కొడుకు ఆ పొద్దున ఇంటి నుంచి ఆ పాత స్టీలు రేజరు పట్టుకొచ్చాడు. తల విప్పి, బ్లేడు పెట్టి, మళ్లీ బిగించే రకం. కొడుకేమో జుయ్యిమనే మిషను తప్ప ఇంకోటి పట్టినవాడు కాదు.

"బాగా నొక్కుతున్నావు బాబూ."

మాట పక్క మంచం నుంచి వచ్చింది. మధ్యలో ఆకుపచ్చ తెర. నిన్న సాయంత్రం ఎవరో చేరారని తెలుసుగానీ, మనిషిని చూడలేదు.

"మీకెలా తెలుసు?"

"చప్పుడు వినపడుతోందిగా. గోడకి పాత సున్నం గీకుతున్నట్టుంది."

తండ్రి కిసుక్కున నవ్వాడు. మంచం పట్టాక అదే మొదటి నవ్వు. కొడుక్కి మాత్రం ఒళ్లు మండింది.

"చూడకుండా చెప్పడం సులువేనండీ. ఇక్కడికొచ్చి చూస్తే తెలుస్తుంది."

"వచ్చేవాణ్నే, కాలికి కుట్లు వేశారు" అన్నాడు తెర వెనక పెద్దాయన, ఏమీ అనుకోకుండా. "ఇంతకీ గడ్డం తడిపావా?"

"నీళ్లు చల్లాను."

"చల్లడానికి అదేమన్నా ఆకుకూరా? తువ్వాలు వేడినీళ్లలో ముంచి, పిండి, మొహానికి చుట్టి కాసేపు ఉంచు. మెత్తబడుతుంది."

కొడుకు గొణుక్కుంటూనే సిస్టర్ని అడిగి వేడినీళ్లు తెచ్చాడు. చెప్పినట్టే చేశాడు.

"ఇప్పుడు వేళ్లతో నిమిరి చూడు. ఎటు నిమిరితే నున్నగా పోతోందో అదే వాలు. గరుగ్గా తగిలేవైపు పోకు."

కొడుకు నిమిరాడు. బుగ్గ మీద వాలు కిందికి ఉంది, మెడ మీద మాత్రం పక్కకి తిరిగింది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న మొహమే, ఆ సంగతి ఇవాళే తెలిసింది.

"నురగ బాగా పట్టించు. ఆఁ, ఇక మీ నాన్న గడ్డం పట్టుకో."

కొడుకు చేయి వెనక్కి లాక్కున్నాడు.

"మూడు వారాల నుంచీ బతిమాలుతూనే ఉన్నానండీ. ఇంకా గడ్డం పట్టుకుని మరీ బతిమాలాలా?"

తెర వెనక నవ్వు వినిపించింది.

"చర్మం బిగువుగా ఉండటానికి పట్టుకోమన్నానయ్యా. అయినా నీ మాటే బాగుంది. బతిమాలు. ఆయన్ని కాదు, ఆ వెంట్రుకల్ని. రేజరు బరువు రేజరుకుంది, నువ్వు ఊరికే దారి చూపిస్తే చాలు."

కొడుకు మొహమాటపడుతూ తండ్రి గడ్డం పట్టుకున్నాడు. ఊహ తెలిశాక ఎప్పుడూ పట్టుకున్నది లేదు. తండ్రి కళ్లు మూసుకున్నాడు.

"పిడి కాస్త కిందికి దించు. ఇంకాస్త. అదీ. విన్నావా, చాటలోంచి బియ్యం జారినట్టు సన్నగా పలుకుతోంది. ఆ పలుకు పోయిందంటే నీ చేయి దారి తప్పినట్టే."

రేజరు కదిలింది. బియ్యం జారాయి.

"నాలుగు గీతలకోసారి రేజరు కడుగు. నురగ పట్టేస్తే దాని గొంతు మూసుకుపోతుంది... ఆగాగు, మెడ మీదికొచ్చావు. వాలు మారిందిగా?"

ఈసారి ఎలా తెలిసిందని కొడుకు అడగలేదు. చెవి ఒగ్గి, అడ్డంగా గీశాడు.

అంతా అయ్యేసరికి అరగంట పట్టింది. కొత్త గాటు ఒక్కటీ లేదు. తండ్రి ఎడమచేత్తో ఒక బుగ్గ నిమురుకున్నాడు, రెండోదీ నిమురుకున్నాడు, మళ్లీ మొదటిదానికొచ్చాడు.

"అద్దం ఇవ్వనా నాన్నా?"

"అద్దమెందుకురా, చెయ్యి చెబుతోందిగా. రేపు కూడా నువ్వే గీయాలి. పద, వరండాలోకి."

గుమ్మం దాటగానే "రైట్... రైట్" అన్నాడు కండక్టరు. మాట కొంచెం ముద్దగా వచ్చింది. కాలు ఈడ్చుకుంటూనే ఈ చివర నుంచి ఆ చివర దాకా వెళ్లాడు. దారికి అడ్డంగా నిలబడ్డవాళ్లని "లోపలికి జరగండి, లోపలికి జరగండి" అని జరిపాడు. ఎవరికీ కోపం రాలేదు.

ఆయన్ని మళ్లీ మంచం మీద కూర్చోబెట్టి, కొడుకు రెండు గ్లాసుల టీ తెచ్చాడు. ఒకటి తండ్రికి, ఒకటి తెర వెనక పెద్దాయనకి.

తెర తీసేసి ఉంది. మంచం ఖాళీ. సిస్టర్ దుప్పటి మారుస్తోంది.

"ఆయనేరండీ?"

"ఇందాకే ఇంటికి పంపేశాం. కుట్లేగా."

"అయ్యో, మొహమైనా చూడలేదు. మాట తూలాను కూడా." కొడుకు గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "ఆయన సెలూను ఎక్కడో చెబుతారా? వెళ్లి దణ్ణం పెట్టొస్తాను."

"సెలూనా?" సిస్టర్ దిండు దులుపుతూ అంది. "చూపులేని పిల్లల బడిలో మాస్టారండీ ఆయన, మీసాలొచ్చిన ప్రతివాడికీ గడ్డం గీసుకోవడం దగ్గరుండి నేర్పుతారట, ఆయనకీ పుట్టుకతోనే చూపు లేదు."