బ్రేకులకు బొట్టు

మొదటి దెబ్బ భుజం మీద పడింది.

ఉదయ్ కుమార్ పక్కకు ఒరిగాడే గాని చేతిలోని కాలిపర్‌ను వదల్లేదు. కారు చక్రం లోపల బ్రేకు ప్యాడ్లను పట్టి ఉంచే ఆ ఇనుప దిమ్మె మీది ఎర్రరంగును పొద్దుటి నుంచి ఇనుప బ్రష్‌తో గీకుతూ ఉన్నాడు. పోర్టికోలో పరిచిన పాత పేపర్ల నిండా ఎర్రటి పొడి. అంతా థిన్నర్ వాసన.

రెండో దెబ్బ వీపు మీద పడింది. శశాంక్ చేతిలో ఉన్నది చక్రాలు విప్పే వీల్ పానా. కారు పక్కన పడి ఉంటే అందుకున్నాడు.

"లే బావ. లేచి నా మొఖం చూడు."

ఉదయ్ లేవలేదు. తల కూడా ఎత్తలేదు.

నిన్ననే మాధురి పెద్దకర్మ అయింది. శశాంక్‌కు అక్క, ఉదయ్‌కు భార్య. దసరా సాయంత్రం నారాయణగూడ ఫ్లైఓవర్ దిగుతుంటే కారు ఆగలేదు. ఉదయ్ ఎంత తొక్కినా ఆగలేదు. డివైడర్‌ను గుద్దుకొని ఎడమ పక్క ముందు భాగం నుజ్జయింది. ఉదయ్ నుదుటి మీద కుట్లతో బయటపడ్డాడు. మాధురి బయటపడలేదు.

కారును ఇంటికి ఈడ్చుకొచ్చాక బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి ఒకే మాట చెప్పి పోయాడు. కాలిపర్లను ఎవరో ఇంట్లోనే ఊడదీసి రంగులేశారు. ఆయుధపూజ పేరుతో ప్యాడ్లకు నూనెలో కలిపిన సింధూరం పూశారు. నూనె పూస్తే బ్రేకు పట్టదు. ఆ పని చేసినవాడి మీద కేసు తప్పదు.

అందుకే చిక్కడపల్లి నుంచి అశోక్ నగర్‌లోని అల్లుడి ఇంటికి తండ్రీకొడుకులిద్దరూ నడిచి వచ్చారు. తండ్రి జగదీశ్వర్ గేటు దగ్గరే నిలబడ్డాడు. చీమను కూడా చూసి అడుగు వేసే మనిషి. కొడుకును ఆపడానికి ఆయనకు చెయ్యి లేవడం లేదు.

"చెప్పు. ఈ రంగేసింది ఎవరు? డాడి ముందట చెప్పు."

ఉదయ్ బ్రష్‌తో గీకుతూనే ఉన్నాడు. శశాంక్ కాలితో తన్నాడు. కాలిపర్ ఎగిరి, తులసికోటకు తగిలి కింద పడింది.

"ఫోన్ల వీడియో జూసి చేసే పనా ఇది? మెకానిక్ దగ్గరికి తీస్కపోతే ఏం పోతుండె? షోకు. చక్రాల సందులకెళ్లి ఎర్రగ కనవడాలె. గల్లీల అందరు మెచ్చుకోవాలె."

పై వాటాలో కిరాయికుండే ఆదిలక్ష్మి మెట్ల మీదికి వచ్చింది.

"ఏంది తమ్మీ ఈ లొల్లి? సంసారాలు చేసే ఇల్లనుకున్నవా, అడ్డా అనుకున్నవా? పోలీసులకు ఫోన్ చెయ్యాల్నా?"

"చెయ్యి అక్కా. జల్ది చెయ్యి. రానీ వాళ్ళను."

ఆమె బిత్తరపోయి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

"ఎవడన్న బ్రేకులకు నూనె పూస్తడా బావ? గాడిదకన్న ఆ మాత్రం తెల్వదా?"

ఉదయ్ మొదటిసారి నోరు విప్పాడు.

"భక్తితోని పూసిందే గద శశాంక్. మంచి జరగాలెననే గద."

ఆ మాటకు శశాంక్‌కు పిచ్చి లేచింది. పానాను పారేసి, పిడికిలితో నోటి మీద గుద్దాడు. గుద్దుతూనే ఉన్నాడు. ఉదయ్ పెదవి చిట్లింది. నుదుటి మీది కుట్లు విచ్చుకొని నెత్తురు కంట్లోకి దిగింది. అయినా చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

"కొట్టు. నువ్వు గూడ కొట్టు. చేతుల్లేవా నీకు?"

శశాంక్ కింద పడ్డ పానాను తీసి బావ చేతిలో కుక్కాడు. వేళ్ళు బలవంతంగా దాని చుట్టూ మూశాడు.

ఉదయ్ దాన్ని మెల్లగా పేపరు మీద పెట్టాడు.

అప్పుడు కదిలాడు జగదీశ్వర్. దగ్గరికి వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"బొట్టు పెట్టిన బండి నా బిడ్డను ఎట్ల మింగిందని దేవుణ్ణి అడుగుతున్న ఉదయ్. రోజూ దీపం పెట్టి అడుగుతున్న. ఆయన చెప్తలేడు. నువ్వన్న చెప్పు. రంగేసింది నువ్వేనా?"

ఉదయ్ తలెత్తాడు. మామగారిని చూడటానికి ముందు శశాంక్‌ను చూశాడు.

శశాంక్ ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

"నేనే మామయ్య," అన్నాడు ఉదయ్. "రంగు నేనే వేసిన. సింధూరం గూడ నేనే పూసిన."

శశాంక్ నోరు తెరిచాడు. పానా అందుకొని కారు వెనక అద్దం మీద వేశాడు. అద్దం పొడిపొడిగా రాలింది. పక్క కిటికీ మీద వేశాడు. అదీ రాలింది. మూడోసారి ఎత్తబోతుంటే జగదీశ్వర్ లేచి అతని మణికట్టు పట్టుకున్నాడు.

"చాలు బిడ్డ. ఒప్పుకుండు గద. స్టేషన్‌ల నేను చెప్తా. జైల్ల వెడ్తరు. ఇగ నాకు, మీ అమ్మకు మిగిలింది నువ్వొక్కనివే. ఈని నెత్తుటితోని నీ చేతులు ఖరాబు చేస్కోకు."

కొడుకును భుజాలు పట్టి గేటు దాటించాడు. శశాంక్ రెండుసార్లు వెనక్కి తిరగబోయాడు. తండ్రి తిరగనివ్వలేదు.

కొంగుతో తుడిచేవాళ్ళు లేని నెత్తురును ఉదయ్ మోచేత్తో తుడుచుకున్నాడు. పాక్కుంటూ వెళ్ళి కాలిపర్‌ను తెచ్చుకున్నాడు. మళ్ళీ రంగు గీకడం మొదలుపెట్టాడు.

దసరా ముందురోజు అక్కా బావా బస్సులో యాదగిరిగుట్టకు పోయి వచ్చేలోగా, పండుగకు వాళ్ళను మురిపిద్దామని ఆ కాలిపర్లను విప్పి, రంగు వేసి, దండం పెట్టి, నూనె సింధూరం పూసి మళ్ళీ బిగించింది శశాంక్.