నల్లరాళ్ల ఒడ్డు

"మళ్లీ ఆయనే!" అంది టైలరమ్మ విసుగ్గా.

టూరు బస్సులో అందరూ ఎక్కేశారు. ఇంజను గురగురమంటోంది. కొండ అంచున పిట్టగోడ పట్టుకుని ఆ పెద్దాయన ఒక్కడే ఇంకా సముద్రంకేసి చూస్తున్నాడు.

గైడమ్మాయి దిగి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

"ఆలస్యం చేశానా? ఈ మోకాలు నా మాట వినడం మానేసి చాలాకాలమైంది," అన్నాడాయన, అందరివైపూ చూసి నవ్వుతూ.

బయల్దేరిన రోజు నుంచీ ఇదే వరస. అందుకే బస్సులోవాళ్లు ఆయనకి 'ఆలస్యంగారు' అని పేరు పెట్టేశారు. మొహంమీదే అలా పిలిచేవారు. ఆయన పలికేవాడు కూడా.

మిగతావాళ్లకి అది సరదా. టైలరమ్మకి మాత్రం ఒళ్లు మండేది.

ఆమె సముద్రం చూడ్డానికి రాలేదు. చెల్లెల్ని చూడ్డానికి వచ్చింది.

చెల్లెలు ఓడలో వంట చేస్తుంది. తండ్రి పోయినప్పుడు నడిసముద్రంలో ఉండిపోయి రాలేకపోయింది. "నాకు చెల్లెలే లేదనుకుంటా" అనేసింది అక్క, ఆ దుఃఖంలో. నోరు జారిన మాట. జారి ఏళ్లు గడిచిపోయాయి.

ఇప్పుడా ఓడ ఈ తీరం రోడ్డు చివర, రేవులో ఆగి ఉంది. సాయంత్రానికి కదిలిపోతుంది. "వస్తే రా అక్కా, గేటు దగ్గర ఉంటా" అని కబురు పెట్టింది చెల్లెలు.

కొంత దూరం పోయాక బస్సు మళ్లీ ఆగింది. కొండచరియ విరిగి రోడ్డుమీద పడింది. మట్టి ఎత్తే యంత్రం నత్తలా కదులుతోంది.

టైలరమ్మ కాలు కాలిన పిల్లిలా బస్సులో అటూ ఇటూ తిరిగింది. కూర్చుంది. శాలువా అంచు వేలికి చుట్టింది, విప్పింది. మళ్లీ లేచింది.

ఎప్పటికో దారి ఇచ్చారు. గైడమ్మాయి మైకు తీసుకుంది.

"బాగా వెనకబడిపోయాం. ఇవాళ్టికి ఇంక నల్లరాళ్ల ఒడ్డు ఒక్కటే మిగిలింది. మెయిన్ రోడ్డు వదిలి కిందికి చాలా దూరం దిగాలి. అక్కడికెళ్తే రేవు చేరేసరికి చీకటిపడుతుంది."

"అయితే మానేద్దాం!" అంది టైలరమ్మ.

"అందరూ ఒప్పుకోవాలండీ. ఈ సీజన్‌కి మనదే ఆఖరి బస్సు. రేపట్నుంచి ఆ ఒడ్డుకి దిగే రోడ్డు మూసేస్తారు. తర్వాత చూద్దామన్నా కుదరదు."

టైలరమ్మ సిగ్గు విడిచి బస్సు మధ్యలో నిలబడింది. చెల్లెలి సంగతి చెప్పింది. తను అన్న మాట కూడా దాచలేదు.

"పోనీలెండి. పొద్దుట్నుంచీ చూస్తున్న రాళ్లూ నీళ్లే కదా!" అన్నాడు ముందు సీట్లోని కొత్త పెళ్లికొడుకు.

ఒక్కో చెయ్యీ లేచింది. వెనక సీట్లో ఒక్కటి మాత్రం లేవలేదు.

టైలరమ్మ అక్కడికే వెళ్లింది. "ఏమంటారండీ?"

పెద్దాయన కిటికీవైపు నుంచి తల తిప్పాడు. "ఎక్కువసేపు వద్దు తల్లీ. ఒక్కసారి నీళ్ల దాకా వెళ్లి వచ్చేస్తా."

"మీ ఒక్కసారి ఎంతసేపో బస్సంతటికీ తెలుసు!"

ఎవరో కిసుక్కుమన్నారు. ఆయనా నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"నా బాధ మీకేం తెలుస్తుంది? అక్కడ మీకోసం ఎవరైనా కాచుక్కూర్చున్నారా?" అంది టైలరమ్మ.

ఆయన ఆమె మొహంలోకి చూశాడు.

"చెల్లెలు నీ చేతులమీద పెరిగిందా అమ్మా?"

"అమ్మ లేదు. నేనే పెంచాను."

"అలాగా. అయితే వెళ్లాలి."

ఆయన చెయ్యెత్తాడు.

గైడమ్మాయి గబగబా వచ్చింది. "బాబాయిగారూ, మీరు..."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "పోనివ్వమ్మా."

నల్లరాళ్ల ఒడ్డుకి దిగే మలుపు ఎప్పుడు దాటిపోయిందో టైలరమ్మ చూడనేలేదు. ఆమె చూపంతా ముందు రోడ్డుమీదే.

రేవు గేటు దగ్గర తెల్ల ఏప్రాన్‌లో నిలబడి ఉంది చెల్లెలు. కాస్త ఒళ్లు చేసింది.

"లేని చెల్లెల్ని చూడ్డానికి ఇంత దూరం వచ్చావా?" అంది.

అక్క ఒక్కటి వేసింది భుజంమీద. ఆ చేత్తోనే దగ్గరికి లాక్కుంది. ఆ తర్వాత ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో ఓడ కూతలో ఎవరికీ వినపడలేదు.

మర్నాడు హోటల్లో టిఫిన్ల దగ్గర టైలరమ్మ పెద్దాయన కోసం వెతికింది. రాత్రంతా ఆమెకి ఆయనే గుర్తొచ్చాడు. థాంక్సయినా చెప్పలేదు.

"ఆలస్యంగారు ఇంకా దిగలేదా?" అని అడిగింది గైడమ్మాయిని.

"పొద్దున్నే వెళ్లిపోయారండీ. ఇంటికి."

"అదేమిటి, టూరు ఇంకా సగం ఉందిగా! నామీద కోపమొచ్చిందా?"

"అయ్యో, లేదండీ. మీ చెల్లెలు కలిసిందా అని అడిగారు. కలిసిందంటే సంతోషించారు."

గైడమ్మాయి చేతిలో కప్పు కింద పెట్టింది.

"మీకు చెప్పొద్దన్నారు. కానీ మనసొప్పడం లేదు. వాళ్లబ్బాయి చేపల ఓడలో పనిచేసేవాడట. ఆ ఓడ నల్లరాళ్ల ఒడ్డు ఎదురుగానే మునిగిపోయింది. మనిషి దొరకలేదు. కొడుకున్న ఆ నీళ్లని ఒక్కసారి చేత్తో తాకుదామని ఇన్నేళ్లకి బయల్దేరొచ్చిన తండ్రండీ ఆయన."