కిటికీ వైపు చూపు

"ఆపమ్మా! తీగ, తీగ!" అంటూ రైమో మంచులో పడుతూ లేస్తూ కారు వెనక పరిగెత్తాడు.

కెర్తు బ్రేకు వేసింది. రాత్రంతా ఇంజను వెచ్చగా ఉండాలని కారు నుంచి కరెంటు స్తంభానికి తగిలించిన తీగ తెగి కారు ముందు వేలాడుతోంది. బస్సు ఆగిపోయాక, తను పాఠాలు చెప్పే బడికి వెళ్లేందుకు చవగ్గా కొన్న పాత కారది. ఇది నడవకపోతే ఉద్యోగం మానుకోవాల్సిందే. బావగారు రైమో చలిలో నానా తంటాలు పడి బాగుచేశాడు. మొదటి రోజే ఇలా.

"మా తమ్ముడూ ఏటా ఒక తీగ తెంపేవాడు. బతికున్నన్నాళ్లూ వాణ్ణి మతిమరుపు మొద్దని తిట్టావు. ఇప్పుడేమంటావ్?"

"మర్చిపోలేదు బావగారూ. తీద్దామనే అనుకున్నా. ఇంతలో వంటింటి కిటికీకేసి చూసి చెయ్యి ఊపాను."

"అక్కడెవరున్నారని?"

కెర్తు మళ్లీ ఆ ఖాళీ కిటికీకేసి చూసింది. భర్త వెసా కారులో బయల్దేరే ప్రతి ఉదయం ఆ కిటికీలో నిలబడి చెయ్యి ఊపింది తనే.

"ఆయనా అటే చూసేవాడు," అంది మెల్లగా. అంతలోనే నవ్వొచ్చింది, కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

రైమో తెగిన తీగను చుట్టి భుజాన వేసుకున్నాడు.

"ఇంజను బాగానే ఉంది, పద, పిల్లలు ఎదురుచూస్తారు. రేపట్నుంచి తీగ నేను తీస్తా. నువ్వు కిటికీ చూసుకో."