నర్సవ్వ మార్చిన రంగు

ఆకురాలు కాలంలో చెట్లు ఏ రంగుకు తిరగాలో మనుషులు ఫోనులో ఎంచుకునే రోజులవి. ఈసారి మనాలిలో తమ వీధంతా ఎరుపే ఉండాలని ఇంటింటికీ తిరిగి ఒప్పించింది కమిటీ పెద్ద రాజేశమే. పొద్దున్నే లేచి చూస్తే అన్ని తోటలూ ఎర్రగా మెరుస్తున్నాయి. తన ఇంటి మేపుల్ చెట్టొక్కటే పసుపు పచ్చగా నిలబడి వెక్కిరిస్తోంది.

"నేనే మార్చిన," అంది భార్య నర్సవ్వ, రాలిన ఆకులను పళ్లెంలో గుండ్రంగా పేరుస్తూ. "ఇయ్యాల సద్దుల బతుకమ్మ. ఈ చలి కొండల మీద తంగేడు పువ్వు యాడికెల్లి తేవాలె?"

"నా పరువు తీసినవ్ గదనే," అంటూనే రాజేశం నిచ్చెన తెచ్చాడు. పై కొమ్మల మంచి ఆకులన్నీ కోసి ఆమె ఒళ్లో పోశాడు. తర్వాత ఫోను తీసి, వచ్చే ఏటికి వీధి రంగు అడిగినచోట "తంగేడు పసుపు" అని రాశాడు.