ఎదురు డైలాగు

“మళ్ళీ మొదట్నించీ చెప్పు. ఈసారి నేలచూపులు చూడకు,” అంది లోరీన్.

వెర్నన్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. వంటింటి బల్ల మీద సగం నింపిన గళ్ళ నుడికట్టు, ఆమె ముట్టని చికెన్ సూపు ఉన్నాయి.

“అమ్మా, మీ పరీక్షల ఫలితాలు...”

“ఆగాగు. అమ్మా ఏంటి, అమ్మా? ఆవిడ పేరేంటి?”

“పేరు చెప్పలేదు.”

“డైలాగు కాగితాలు పంపలేదు, పేరు చెప్పలేదు! ఇదేం సీరియలయ్యా?”

“అంతా రహస్యమట. డాక్టరు ఒకావిడకి జబ్బు సంగతి చెప్పాలి. మాటలు మనమే అల్లుకోవాలి.”

లోరీన్ పెదవి విరిచింది. యాభై ఏళ్ళుగా అతను టీవీలో ఏ వేషం అడగడానికి వెళ్ళినా, ముందురోజు ఈ బల్ల దగ్గరే ఆమె ఎదురు డైలాగు చెప్పి సాధన చేయించేది. దొంగ, జడ్జి, పాస్టరు, కసాయి, గుర్రాల వ్యాపారి, అన్నీ వేశాడు. వాళ్ళుండే బర్బాంక్ ఊళ్ళో ఏ కొట్టుకెళ్ళినా “మిమ్మల్నెక్కడో చూశామండీ” అనేవాళ్ళే. పేరు మాత్రం ఒక్కరికీ తెలియదు. ఏడాదిన్నరగా ఒక్క పిలుపూ లేదు.

ఇంట్లో ఫోనంటే అతనిదే. లోరీన్ తన ఫోను ఎక్కడో పెట్టి మరిచిపోతుంది. అందుకే పళ్ళ డాక్టరుకీ, ఆసుపత్రికీ, చివరికి సొంత చెల్లెలికీ “ఏదున్నా ఆయనకే చెప్పండి” అని చెప్పి పెట్టింది. పొద్దున ఫోను మోగితే వెర్నన్ పెరట్లోకి వెళ్ళి మాట్లాడాడు. తర్వాత చాలాసేపు నిమ్మచెట్టు దగ్గరే నిలబడిపోయాడు.

లోపలికి రాగానే ఆమే ఎదురొచ్చింది. “ఏజెంటా? వేషమా?”

అతను తలూపాడు.

“ఏం వేషం?”

“డాక్టరు.”

ఆమె సంబరంగా చప్పట్లు కొట్టింది. అప్పట్నించీ ఇదే సాధన.

“టీవీలో ఎంతమందికి చెప్పలేదూ ఇలాంటి కబురు! ఇవాళేంటి ఈ నత్తి?”

“వయసు.”

“వయసు కాదు, భయం. శవం వేషంలో తుమ్మి కూడా సిగ్గుపడనివాడివి, ఇప్పుడేం భయం నీకు?”

అతను నవ్వబోయాడు. కుదరలేదు.

“ముందు ఆ సూపు తాగు.”

“సహించట్లేదులే. నువ్వు కానీ. ఆ పేషెంటుని నేనే.”

వెర్నన్ గొంతు సవరించుకున్నాడు. “లోపల గడ్డ ఉంది. బాగా పాకిపోయింది.”

“ఆపరేషన్ చేస్తే?”

“ఇక లాభం లేదు.”

“ఎన్నాళ్ళుంటాను?”

అతను నోరు తెరిచాడు. మాట రాలేదు.

“అక్కడ ఆగకు! నువ్వాగితే ఆవిడ ప్రాణం అక్కడే పోతుంది.”

“క్రిస్మస్ దాకా... ఉండొచ్చు.”

లోరీన్ కళ్ళు నిండాయి.

“ఆవిడకి మొగుడున్నాడా?”

“ఉన్నాడు.”

“అతనికి తెలుసా?”

“తెలుసు.”

“పాపం! ఏ మొహం పెట్టుకుని తిరుగుతున్నాడో ఆవిడ ముందు.” లోరీన్ ముక్కు తుడుచుకుని లేచింది. “వేషం నీదేరా, ముసలోడా. ఇంత బాగా నువ్వెప్పుడూ చెయ్యలేదు. ఉండు, నీలం చొక్కా ఇస్త్రీ చేస్తాను.”

“చొక్కా వద్దు. కూర్చో.”

“ఏం, ఇంకోసారా?”

“ఇంకోసారి.”

“నీ చాదస్తం పాడుగాను!” అంటూనే కూర్చుంది. “ఈసారి ఆవిణ్ణి పేరు పెట్టి పిలువు. నిజంలా ఉంటుంది.”

వెర్నన్ ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. ఈసారి నేలచూపులు చూడలేదు.

“లోరీన్...” అన్నాడు.

పొద్దున ఫోన్ చేసింది ఆసుపత్రి వాళ్ళు.